కేశసంస్కారము

నరికినను నొప్పి యెరుగనివి మన శరీరమునందు గోళ్లును వెండ్రుకలును మాత్రమే. అందుచేతనే కాబోలు, స్త్రీ తలమీది వెండ్రుకలపై ఆమెకంటె నితరులకే యెక్కువ యధికారము చెల్లుచు వచ్చినది. కన్యగా నున్నప్పుడు అవి చూపరులను మెప్పింపవలెను. పెండ్లినాడు పూలజడకు లొంగవలెను. భర్త మరణించినచో కొన్ని కులములలో మంగలికత్తికి పాలు గావలెను. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు ఆంధ్రదేశమున మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు ఎదిరించి నిలిచినది ఇట్టి యధికారమునే. వితంతువుల తలలు గొరుగు నాచారము నేడు దాదాపుగా మరుగుపడినది. అధికారము మాత్రము మరుగుపడలేదు. కత్తికి బదులుగా నిప్పుడొక డబ్బా వచ్చినది. అది వితంతువును వెదకుట లేదు; పెండ్లి కావలసిన పిల్లను వెదకుచున్నది.

మేము చెప్పుచున్నది వంకీలు తిరిగిన జుట్టును మందులతో చదును చేయించుటను గూర్చి. మన పట్టణములలోని బ్యూటీపార్లర్లలో దీనికి రీబాండింగనియు, స్మూతెనింగనియు, కెరాటిననియు పేళ్లు. అమెరికాలో బహుకాలముగా వాడుకలోనున్న మందు పేరు రిలాక్సర్. అనగా విశ్రాంతి నిచ్చునది. విశ్రాంతి కావలెనని జుట్టు ఎవరికి మొరపెట్టుకొన్నదో మాకు తెలియదు.

చిత్రమేమనగా, మన భాష యెన్నడును వంకీలజుట్టును తక్కువ చేయలేదు. ఉంగరాలజుట్టని దానికి నగ పేరే పెట్టుకొన్నాము. ప్రబంధకవులు నాయికను కుటిలకుంతల యని పిలిచి మురిసిరి. ముంగురులు, గిరజాలు, అలకలు అను మాటలలో దేనియందును నింద లేదు. వంక యనగా వంపు, వంక యనగా దోషము. ఈ రెండర్థములను స్త్రీ తలమీద నొకటిగా కలిపినది మన భాష గాదు, మన పెండ్లిచూపులు.

మా చెల్లెలి కుమార్తెది ఉంగరాలజుట్టు. ఆమెకు ఇరువదిమూడేండ్లు నిండగానే సంబంధములు వచ్చినవి. ఒక మధ్యవర్తి ఆమె నెగాదిగా చూచి, “అమ్మాయి చక్కనిదే గాని, జుట్టు కొంచెము...” అని యాగిపోయెను. ఆ సగము వాక్యమునకు జడిసి తల్లి ఆమెను పార్లరునకు తీసికొనిపోయెను. నాలుగు గంటలపాటు కండ్లు మండు వాసనలో కూర్చుండబెట్టి, మందు పూసి, చీరకు చేసినట్లు జుట్టునకు ఇస్త్రీ చేసి పంపిరి. ఆ సంబంధము కట్నము దగ్గర చెడిపోయినది. జుట్టుపని మాత్రము నిలిచిపోయినది. ఆరునెలల కొకసారి క్రొత్తగా పెరిగిన మొదళ్లకు మరల మందు పెట్టింపవలసి వచ్చెను. మూడవసారి మాడు పొక్కినది.

ఆ మరుసటియేడు ఆ పిల్ల చదువునకై అట్లాంటా నగరమునకు పోయెను. ఆమెతో నొకే యింట నున్న విద్యార్థిని నల్లజాతికి చెందినది. చిన్ననాటినుండి రిలాక్సర్ పూయించుకొని, దానిని మానుకొని మూడవయేడు నడుపుచున్నది. మేము వారియింట నాలుగుమాసములుండి వారిద్దరి మాటలును వినుచుంటిమి. మా పిల్లకు కలిగిన కష్టము వేసవి గాడ్పువంటిదైతే, ఆ రెండవ పిల్ల జాతి యనుభవించినది తరతరాల కరవువంటిదని మాకక్కడ బోధపడినది.

1786లో స్పెయిను పాలనలోనున్న లూయిసియానాకు గవర్నరైన మీరో, నల్లజాతి స్త్రీలు తమ జుట్టును గుడ్డతో కప్పుకొనవలెనని యుత్తరువు చేసెను. బానిసత్వము పోయిన పిమ్మటను ఉద్యోగము కావలెనన్న, మర్యాద కావలెనన్న, తెల్లవారి జుట్టును పోలిన జుట్టుండవలెనను నమ్మకము పోలేదు. గారెట్ మోర్గన్ అను నల్లజాతి శిల్పి, కుట్టుమిషను సూదికి పూయు ద్రవము గుడ్డమీది నూగును నిటారుగా చేయుట గమనించి, దానినే చదునులేపనముగా మార్చి 1913లో వ్యాపారము పెట్టెను. వీధికూడలులలో బండ్ల నాపు సంకేతస్తంభమునకు 1923లో పేటెంటు పొందినవాడును ఆయనయే. అటు తరువాత ప్రబలిన రిలాక్సర్లలో ముఖ్యవస్తువు సోడియం హైడ్రాక్సైడ్. మన వాడుకలో కాస్టిక్ సోడా. సబ్బు కాచుటకును, పూడిపోయిన గొట్టములను తెరచుటకును వాడు వస్తువది. దానిని పసిబిడ్డల మాడునకు చేర్చినవారు రాక్షసులు గారు. లోకము తమ బిడ్డను చిన్నచూపు చూడకుండవలెనని కోరిన తల్లులు.

2009లో క్రిస్ రాక్ అను హాస్యనటుడు ‘గుడ్ హెయిర్’ అను చిత్రము తీసెను. తనకు మంచి జుట్టు ఎందుకు లేదని చిన్నకూతురడిగిన ప్రశ్నయే దానికి మూలము. ఆ ప్రశ్ననుబట్టి పోయిన చిత్రము మన దేశపు తలనీలాల వరకును వచ్చినది. తిరుమలలో భక్తులు సమర్పించు తలనీలాలు వేలమున నమ్ముడుపోవుననియు, విదేశములలో సవరములుగా మారుననియు మనమెరుగుదుము. మన తల్లులు అహంకారము వదలుకొనుటకై విడిచిన జుట్టు, సముద్రమున కావల మరియొక బిడ్డ కొరత తీర్చు నగగా వెలకట్టబడుచున్నది. మనకు ఆ జాతితో సంబంధమేమని యడుగువారికి ఇంతకంటె ప్రత్యుత్తర మక్కరలేదు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము, జుట్టు సహజరూపమునుబట్టి ఉద్యోగమునందును పాఠశాలయందును ఎవరిని తక్కువ చేయరాదని చట్టము చేసెను. పుట్టినట్లు జుట్టు నుంచుకొనుటకును చట్టము కావలసివచ్చిన కాలమిది.

ఇక నీ మందులు చేయు పని యేమి? వెండ్రుక కెరాటిన్ అను మాంసకృత్తుతో నైనది. దాని పోగులను గంధకపు ముడులు పట్టియుంచును. రిలాక్సర్ ఆ ముడులను తెంచును. రీబాండింగు మందు వానిని విప్పి, చదునుగా నున్న స్థితిలో మరల ముడివేయును. తెగిన ముడి మరల పూర్వమువలె గాదు. వెండ్రుక ప్రాణము లేనిది కనుక తనను తాను బాగుచేసికొనలేదు. కాని మందు కుదురు స్వభావమును మార్చలేదు. వంపు పుట్టునది కుదురు ఆకారమునుబట్టి. అందుచేత క్రొత్తగా వచ్చు వెండ్రుక తన పాతవంపుతోనే వచ్చును. ఎన్నిసార్లు చదును చేసినను అది మాట మార్చదు.

మందులవలని హానియు తలతో పోవునది గాదు. అమెరికాలో 33,497 మంది స్త్రీలను సుమారు 11 ఏండ్లు గమనించిన పరిశోధన 2022లో వెలువడినది. చదునుమందు లెన్నడును వాడనివారిలో 70 ఏండ్లు వచ్చులోపల గర్భాశయపు క్యాన్సరు కలుగునను అంచనా నూటికి 1.64, తరచుగా వాడినవారిలో 4.05. ఇది సంబంధమును చూపునే గాని కారణమును నిరూపింపదు. అయినను తల్లి యైనది తెలిసికొనదగిన సంగతి. కొన్ని కెరాటిన్ మందులనుండి వేడికి వెలువడు ఫార్మాల్డిహైడ్ క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ సంస్థ 2004లోనే నిర్ణయించినది. మెథిలీన్ గ్లైకాల్ అను పేరు కనబడినను అది నీటిలో కలిసిన ఫార్మాల్డిహైడే. దానికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లపు మందువలన మూత్రపిండములు దెబ్బతిన్న యువతి సంగతిని 2024లో వైద్యులు ప్రకటించిరి.

మానుకొనుట యెట్లు? ఇందులో మందు లేదు; ఓర్పే మందు. జుట్టు నెలకు సుమారు అర అంగుళము పెరుగును, ఏడాదికి ఆరంగుళములు. మొదట పెరిగిన వంకీలును, చివర నున్న చదునును కలియు సరిహద్దు మిక్కిలి బలహీనము. దువ్వెన తగిలిన నక్కడనే తెగును. అందుచేత వారిద్దరును తడిజుట్టునకు జారుడు లేపనము పూసి, వ్రేళ్లతోను వెడల్పు పండ్ల దువ్వెనతోను కొసలనుండి పైకి చిక్కు తీయుచుండిరి. వేడి యిస్త్రీ మానిరి. సల్ఫేటులు లేని షాంపూను వాడిరి. రాత్రి నున్నని గుడ్డ తలకు చుట్టుకొనిరి. జడను బిగించి అల్లుట మానిరి. బిగుతు కుదుళ్లను పెరికివేయును.

మేము మనయూరినుండి కొనిపోయిన కుంకుడుకాయల రసము నా నల్లజాతి పిల్లయు పరీక్షించినది. కంట పడగానే ఆమె కేక వేసెను. అందరమును నవ్వితిమి, ఆ మంట యెరుగని తెలుగుబిడ్డ యెవరు? కాని యొక మాట చెప్పవలెను. కుంకుడును నురుగు వచ్చు వస్తువే. చిక్కగా పోసిన వంకీలజుట్టును ఎండగట్టును. పలుచన చేసి, మందారాకు జిగురు కలిపి వాడినప్పుడు అది వారికి సరిపడినది. చెట్టున కాచినదంతయు మృదువనియు, సీసాలో వచ్చినదంతయు కఠినమనియు అనుకొనుట తెలియనితనము. తలకు నప్పినదేదో తలయే చెప్పును.

పదునాలుగవ మాసమున మా పిల్ల చదునుగా నున్న భాగమునంతను కత్తిరించివేసెను. చెవుల పైకి చుట్టలు చుట్టుకొన్న పొట్టిజుట్టు మిగిలినది. ఫోనులో నా ముఖము చూడగానే మా చెల్లెలు వలవల యేడ్చినది. ఆ యేడుపు సంబంధములను గూర్చినది కాదని మాకు తెలియును. మా నాయనమ్మగారు చిన్నవయసుననే భర్తను పోగొట్టుకొని, బ్రతికినన్నాళ్లు ముసుగు తీయక మా కన్నుల ముందర తిరిగినది. తల్లి యేడ్పు తగ్గువరకును ఆగి మా పిల్ల యిట్లనెను: “అమ్మా, మీ నాయనమ్మ జుట్టు తీయించినవారు ఆమె నడిగిరా? నాది నేనే తీసికొంటిని.” మా చెల్లెలు మారుపలుకలేదు. మరునాడు మాత్రము మందారాకు నెండబెట్టి పంపవచ్చునా యని మమ్మడిగెను.

చదునుజుట్టు కోరుకొనువారిని నిషేధించుట మా యభిమతము గాదు. స్త్రీ తలమీద మరియొక శాసనము పెట్టుటకు మేమెవరము? డబ్బామీది పేళ్లు చదువుకొని, ఫలము తెలిసికొని, తనకై తాను నిర్ణయించుకొన్న స్త్రీకి మా నమస్కారము. మేము వేడుకొనునది ఆ నిర్ణయమును ఆమెకు ముందే చేసిపెట్టు పెద్దలను. సంబంధమునకు పోయినప్పుడు పిల్ల చదువు నడుగుడు, ఇష్టము నడుగుడు, ఆరోగ్య మడుగుడు. ఆమె జుట్టును చూచి సగములో నాపు నా వాక్యమున్నదే, దానిని మొదలుపెట్టకుడు.