ఉగ్రస్తంభమునకు ఒక్క దినమున

సంక్రాంతి సెలవులు ముగియకముందే అహోబిలపు కొండనెక్కి, ఉగ్రస్తంభమును చూచి, ఆ రాత్రికే నంద్యాలకు తిరిగి రావలెనని మేము అయిదుగురము స్త్రీలము నిశ్చయించుకొంటిమి. మా అత్తగారు, ఆడపడుచు, తోడికోడలు, ఆమె పదునాలుగేండ్ల కూతురు, నేను. మగవారెవరును వెంట లేరు. ప్రయాణమునకు ఇంకను వారము గడువున్నది. ఇట్టి యాత్ర తలపెట్టు సోదరీమణులకు ఉపకరించునేమోయని మా ఏర్పాటును ఇచట వ్రాయుచున్నాను.

అహోబిలము నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డకు సమీపమున, నల్లమల అడవిలో నున్నది. మా ఊరినుండి రమారమి 70 కిలోమీటర్లు. దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలమునకు 8 కిలోమీటర్లు కారు పోవును. అచట బండిదారి ముగియును. అటుపైన భవనాశి వాగు వెంబడి నడచుచు వరాహ నృసింహుని దాటి, 4 కిలోమీటర్లు పోయినచో జ్వాలా నృసింహుని సన్నిధి. అంతవరకు మెట్లును రాళ్లును కలసిన దారి. స్వామి చీల్చుకొని వెలువడినాడని చెప్పెడి ఉగ్రస్తంభము ఇంకను పైన, కొండకొమ్మున నిలిచిన నిలువురాయి. దానికి మెట్లు లేవు. వేళ్లను, బండలను పట్టుకొని అడవిలో నిట్టనిలువుగా ఎక్కవలెను. తిరుమంగై ఆళ్వారు ఈ కొండను పాడుచు, దైవములకు దక్క అన్యులకు చేరరానిదని చెప్పిరి. వారి కాలమున ఎగువకు కారు లేదు గదా!

మా అత్తగారికి 68 సంవత్సరములు. ఇదివరకు పదునొకండు మారులు అహోబిలమునకు పోయిరి. పోయిన ప్రతిమారును ఎగువ గుడి మండపముననే ఆగిపోయిరి. మగవారు కొమ్మునెక్కి సాయంకాలమునకు దిగివచ్చెడివారు. ఆడవారు కోతులను తోలుచు, పిల్లలకు అన్నములు పెట్టుచు, మూటలకు కాపలా యుండెడివారు. రావలదని ఎవరును కఠినముగా పలుకలేదట. మేమును వత్తుమని వీరును అడుగలేదట. మొన్న కార్తికమున దీపము పెట్టి లేచుచు, “అమ్మాయీ, ఆ స్తంభము కడనుండి చూచిన ఏమేమి కనబడునో!” అనిరి. ఆ మాట నన్ను విడువలేదు.

అందువలన మొదట కాలమును లెక్కవేసితిని. కొండనడకకు 1892లో విలియం నేస్మిత్ అను స్కాట్లండు దేశీయుడొక సూత్రము చెప్పెను: గంటకు మూడు మైళ్లు; ఎక్కవలసిన ప్రతి 2000 అడుగులకు అదనముగా ఒక గంట. అందులో మోకాలినొప్పి లేదు, కుచ్చిళ్లు ఎగదోపుకొనుట లేదు, ప్రతి సన్నిధి యెదుట చెప్పులు విడిచి తొడుగుకొనుట లేదు. కావున మా లెక్క మేమే కట్టుకొంటిమి. రెండు వారములు అత్తగారును నేనును తెల్లవారుజామున చెరువుకట్టపై నడచి, ఇంటి మేడమెట్లు ఎక్కి దిగితిమి. చదునునేలపై కిలోమీటరునకు ఆమెకు పదునెనిమిది నిమిషములు పట్టినది. మెట్లదారికి దానిని రెండింతలకు మించియే వేసికొంటిని. మిగిలిన నలుగురము వేగముగా నడువగలము. కాని అయిదుగురు కలసి పోవునపుడు అందరికంటె మెల్లగా నడచువారి నడకయే గుంపు నడక.

ఆ ప్రకారము ఎగువ అహోబిలమునుండి ఉదయము 7 గంటలకు బయలుదేరిన 10 గంటలకు జ్వాలా నృసింహుని సన్నిధి. దర్శనము, విశ్రాంతి, 10:30. స్తంభము కడకు రెండు గంటలు: 12:30. పైన అరగంట. దిగుటకు తక్కువ కాలము చాలునని అందురు గాని, మోకాళ్లకు ఎక్కుటకంటె దిగుటయే భారము. తిరిగి సన్నిధికి 3 గంటలు, ఎగువకు 5:30. ఆ దినములలో సూర్యుడు 6 గంటల ప్రాంతమున అస్తమించును. లోయలో వెలుతురు అంతకుముందే తగ్గిపోవును. అనగా మా చేతనున్నది అరగంట మాత్రమే. కావున రెండు హద్దులు పెట్టుకొంటిమి. జ్వాలా సన్నిధికి 11 గంటలలోపల చేరనిచో స్తంభము తలపు మానవలెను. చేరి పైకి పోయినను, 12:30 కాగానే, స్తంభము కనుచూపుమేరలో నున్నను వెనుదిరుగవలెను.

ఈ మాట అత్తగారికి చెప్పుటయే నాకు కష్టమయినది. ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట “పన్నెండున్నరకు నేను మొండికెత్తినచో?” అనిరి. “మనుమరాలిని ముందు నడిపించెదను, ఆమె వెనుక మీరే దిగెదరు” అంటిని. నవ్వి ఒప్పుకొనిరి. కొండమీద అలసిన వేళ ఇట్టి తగవు తీరదు. ఇంట, ముగ్గులపిండి జల్లించుచు కూర్చున్నపుడే తీర్చుకొనవలెను.

జ్వాలా సన్నిధివరకు డోలీలు దొరకును. నరుల భుజములపై పోయి దేవుని చూడనని ఆమె పట్టు. అది మోయువారి జీవనమని నా వాదము. పోవునపుడు నడక, వచ్చునపుడు డోలీ యని రాజీపడితిమి. వెల ముందుగా మాటాడుకొనవలెను. స్తంభమునకు ఆ ప్రాంతపు మనిషి తోడు లేక పోరాదు. ఒకరికి శక్తి చాలక తిరిగివచ్చినచో తక్కినవారికి దారి చూపుట కెవరుందురు? కావున ఇద్దరిని మాట్లాడనున్నాము. ఎవరును ఒంటరిగా ఆగరాదు, ఒంటరిగా దిగరాదు. నల్లమలలో చిరుతలును ఎలుగులును పులులును కలవు. ఆ దినమున దారి తెరచియున్నదో లేదో అటవీశాఖవారిని ముందుగా కనుగొనవలెను. ఫోను పలుకునని నమ్మరాదు; మేము పోవు దారి, తిరిగివచ్చు వేళ కాగితముపై వ్రాసి కారు తోలువానికి ఇచ్చెదము.

వానకాలమున భవనాశి పొంగును, బండలు జారును. ఏప్రిల్, మే నెలలలో ఈ సీమ ఎండ 40 డిగ్రీలు దాటును. కావున సంక్రాంతి దినములే మేలు. నెలసరి లెక్కలు చూచుకొని నలుగురికిని అనువైన తేదీ కనుగొనుటకు పంచాంగము రెండుమారులు తిరుగవేసితిమి. ఆ దినములలోనే అహోబిలేశుడు పారువేటకు వెడలి, తన కల్యాణమునకు పిలుపు చెప్పుచు 40 దినములు ఊరూర తిరుగును. స్వామికి నలువది దినములు చెల్లగా, మాకు ఒక్క దినము చెల్లదా?

ఇక ఆడవారము బయట చెప్పుకొనని సంగతి యొకటి. దారిలో మరుగుదొడ్లు ఉండవని మనము ఉదయమునుండి నీరు త్రాగుట మానుదుము. తల తిరుగుటకు, కాళ్లు పట్టుకొనుటకు చాలవరకు ఇదియే కారణము. కావున తలకు రెండు లీటర్ల నీరు, ఉప్పు చక్కెర కలిపిన నీరు వేరొక సీసా, మరుగు కొరకు ఒక పాత దుప్పటి తీసికొనుచున్నాము. ఇద్దరు దుప్పటి పట్టుకొన్న చాలును. భోజనమునకు చింతపండు పులిహోర, నువ్వుండలు, జామకాయలు. పెరుగన్నము ఆ వేళకు పులియును. తినుబండారము చేతపట్టుకొని నడచినచో కోతులు లాగుకొనును, అన్నియు సంచిలోపలనే. అత్తగారు కచ్చపోసి కట్టెదరు. మేము పంజాబీ దుస్తులు. అందరికిని పాతబడిన బూట్లు, క్రొత్తవి కరచును.

ఇంటి మాట. మామగారి మధుమేహపు మాత్రలు నా మరిది చూచుకొనును. వంటకు ఏ డబ్బాలో ఏమున్నదో వ్రాసి అంటించుమని మావారు కోరిరి. నేను వ్రాయలేదు. మూతలు తీసి చూచుకొందురు.

మూటలు మాత్రము లేవు. ఎవరి సంచి వారి వీపున. నిన్న అత్తగారి సంచి తూచి చూడగా నేను పెట్టిన దానికంటె బరువుగా నున్నది. అడుగున ఒక కొబ్బరికాయ. కొండ క్రింద కొనవచ్చునంటిని. మన పెరటి చెట్టుదట, తీయనిరి.