వస్వసా: వైద్యుని గదిలో ఏం జరుగుతుంది?

మసాయిల్ అడగడానికి మా వద్దకు వచ్చేవారి ప్రశ్నలలో కొన్ని పైకి ఫిఖ్హ్ ప్రశ్నల్లాగే ఉంటాయి, కాని అవి ఫిఖ్హ్‌కు సంబంధించినవి కావు. “వుజూ చేశాక మోచేయి తడవలేదేమోనని అనుమానం వస్తోంది, ఏం చేయాలి?” అని ఎవరైనా ఒకసారి అడిగితే అది మస్అలాయే. దానికి షరీఅత్‌లో తేలికైన జవాబు ఉంది. వుజూ పూర్తయిన తర్వాత కలిగే అనుమానాన్ని పట్టించుకోనవసరం లేదు. అదే మనిషి అదే ప్రశ్నను ఫజర్ తర్వాత ఒకసారి, జుహర్‌కు ముందు ఒకసారి, ఇషా అయ్యాక ఫోనులో మరోసారి అడుగుతూ, నెల గడిచినా ఏ జవాబుతోనూ కుదుటపడకపోతే అది ధర్మసందేహం కాదని గ్రహించాలి. మన పూర్వపు ఉలమాలు దీనిని వస్వసా అన్నారు. నేటి వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అని, క్లుప్తంగా ఓసీడీ అని అంటున్నారు.

ఇటువంటి వ్యక్తిని ప్రైవేటు మనోరోగ వైద్యుని వద్దకు తీసుకువెళితే అక్కడ ఏం జరుగుతుందో మన ఇళ్లలో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల భయం, భయం వల్ల జాప్యం. ఆ జాప్యంలో సంవత్సరాలు గడిచిపోతాయి. విద్యార్థుల వెంట, వారి తల్లిదండ్రుల వెంట విజయవాడలో అలాంటి గదులలో కూర్చున్న అనుభవం మాకుంది కనుక చూసినది చూసినట్లు చెప్పదలిచాము.

పెడన వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాము. వయసు పందొమ్మిది. తండ్రి కలంకారీ అద్దకం పనివారు. ఉదయమంతా అచ్చులు వేయడం, ఆ తర్వాత బట్టను కాలువ నీటిలో ఉతికి ఆరబెట్టడం ఆయన పని. నీళ్లలో చేతులు నానడం ఆ ఇంటికి కొత్త కాదు. అయినా కుమారుని చేతులు చూసి ఆ తండ్రి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వేళ్ల సందులు పగిలి నెత్తురు కారుతున్నాయి. ఒక్క వుజూకు ముప్పావు గంట. నీయత్ సరిగా కుదరలేదని తక్బీర్ మళ్లీ మళ్లీ చెప్పుకుంటాడు. జమాఅత్ రుకూలోకి వెళ్లిపోయినా అతడు ఇంకా చేతులు ఎత్తుతూనే ఉంటాడు. ఆమిల్ వద్దకు వెళ్లారు, తావీజు కట్టించారు. ఎవరో చేతబడి అన్నారు, ఎవరో జిన్ అన్నారు. చదువు ఆగిపోయింది.

“హజ్రత్, పిచ్చాసుపత్రికి తీసుకెళ్లామని తెలిస్తే మా ఆడపిల్లల సంబంధాలు ఏమవుతాయి?” అని ఆ తండ్రి అడిగారు. ఆ భయాన్ని తేలికగా కొట్టిపారేయలేము. సంబంధాలు మాట్లాడేవారు ఎంత లోతుగా ఆరా తీస్తారో మనందరికీ తెలుసు. కాని నడి వరండాలో గంటసేపు కాళ్లు కడుక్కునే కొడుకును ఇరుగుపొరుగు చూడనే చూస్తున్నారు కదా. దాచవలసినది దాగడం లేదు, జరగవలసిన చికిత్స జరగడం లేదు. దువా మానమని మేము ఎవరికీ చెప్పము. వ్యాధికి చికిత్స చేయించుకోమన్నది కూడా దైవప్రవక్త (స) బోధనే అని గుర్తు చేశాము. మూడో రోజున ఆయన ఒప్పుకున్నారు.

విజయవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేట వీధులు వైద్యుల బోర్డులతో నిండి ఉంటాయి. బోర్డు మీద ‘కౌన్సెలింగ్’ అని కనిపించగానే లోపలికి వెళ్లకూడదు. ఎం.బి.బి.ఎస్. తర్వాత సైకియాట్రీలో ఎం.డి., డి.ఎన్.బి. లేదా డి.పి.ఎం. చేసినవారు సైకియాట్రిస్టులు. వారే మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టులు పరీక్షలు, మాటల ద్వారా చేసే చికిత్స చూస్తారు, మందులు రాయరు. ఫోను చేసినప్పుడే ఫీజు ఎంత, మొదటిసారి ఎంతసేపు చూస్తారు, సైకాలజిస్టు పరీక్షలకు వేరే రుసుము ఉందా అని అడగడంలో మొహమాటం అక్కరలేదు. అంత స్తోమత లేనివారికి విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. అసలు వెళ్లాలా వద్దా అన్నదే తేలనివారు 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. ఏ వేళనైనా, తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

వెళ్లే ముందు రోజు రాత్రి అబ్బాయి చేత ఒక కాగితం రాయించాము. ఇది ఎప్పుడు మొదలైంది, రోజుకు ఎన్ని గంటలు తినేస్తోంది, దీనివల్ల ఏమేమి మానుకున్నాడు, ఇంతకుముందు వాడిన మందులేమిటి (హకీము ఇచ్చిన యునానీ మందులు కూడా), వంశంలో ఎవరికైనా ఇలాంటిది ఉండేదా. వైద్యుని ముందు కూర్చోగానే సగం మాటలు మరచిపోతాము కనుక ఈ కాగితం ఎంతో పనికివచ్చింది. ఇంకొక మాట. వెంట ఇద్దరు చాలు. మేనమామలు, బాబాయిలు కలిసి ఆటో నిండా రావడం వల్ల వైద్యునికి వినిపించేది బంధువుల గొంతే తప్ప రోగి గొంతు కాదు.

లోపల భయపడవలసినదేమీ లేదు. యంత్రాలు లేవు, తాళాలు లేవు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు. మొదట ఒక యువ సైకాలజిస్టు పేరు, చదువు, నిద్ర, ఆకలి, బాల్యం, ఇంటి పరిస్థితి అన్నీ అడిగి రాసుకున్నారు. తర్వాత వైద్యులు పిలిచారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు తెలుగులో తడబడుతుంటే, ఏ భాషలో తేలికగా ఉంటే అందులోనే చెప్పమన్నారు. కాసేపటికి మమ్మల్ని, తండ్రిని బయట కూర్చోమన్నారు. తండ్రికి ఇది కష్టంగా తోచింది. కాని రోగితో ఒంటరిగా మాట్లాడటం, కుటుంబంతో విడిగా మాట్లాడటం ఈ వైద్యంలో మామూలే. స్త్రీల విషయంలో మహిళా వైద్యురాలిని కోరవచ్చు, తోడుగా ఒక స్త్రీని ఉంచుకోవచ్చు. అయినా కొన్ని మాటలు అత్తగారి ముందు, భర్త ముందు రావని ఇంటివారు గుర్తించి కొద్దిసేపు పక్కకు తప్పుకోవాలి.

కొన్ని ప్రశ్నలు వినడానికి కటువుగా ఉంటాయి. మత్తు పదార్థాలు వాడతారా? ఎవరికీ వినిపించని గొంతులు వినిపిస్తాయా? చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? “మా పిల్లవాణ్ణి ఇలా అడుగుతారా?” అని నొచ్చుకోకూడదు. ఇవి అందరినీ అడిగే ప్రశ్నలే. చావు గురించి అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటపడితే ప్రాణం నిలుస్తుంది.

ఆ గదిలో జరిగిన ఒక సంగతి అబ్బాయే తిరుగు ప్రయాణంలో మాకు చెప్పాడు. “నమాజులో ఉన్నప్పుడు మీకే అసహ్యం కలిగించే ఆలోచనలు వస్తాయా?” అని వైద్యులు తమంతట తామే అడిగారట. రెండేళ్లుగా అతడు ఎవరికీ చెప్పనిది అదే. పవిత్రమైన వాటి పట్ల నోటితో పలకలేని మాటలు మనసులోకి చొరబడుతుంటే తన ఈమాన్ పోయిందనుకున్నాడు. ఆ మాటలను కడుక్కోవడానికే అన్నిసార్లు కడుక్కునేవాడు. ఇటువంటి ఆలోచనలు ఈ వ్యాధి లక్షణమని, అవి అతని కోరికలు కావని వైద్యులు చెప్పారు. మా వంతుగా మేము ఒక హదీసును జ్ఞాపకం చేశాము. పలకడానికే భయపడే ఆలోచనలు తమకు వస్తున్నాయని సహాబాలు విన్నవించుకున్నప్పుడు దైవప్రవక్త (స) వారిని మందలించలేదు. వాటి పట్ల వారికి కలిగిన ఆ రోతనే విశ్వాసానికి నిదర్శనంగా ఎంచారు. గుడివాడ దాటేవరకు అబ్బాయి కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

ఈ వ్యాధిని తేల్చే రక్త పరీక్ష గాని, స్కానింగు గాని లేదు. థైరాయిడ్ వంటి శారీరక కారణాలేమైనా ఉన్నాయేమో చూడటానికి మాత్రమే రక్తం తీయించారు. తీవ్రతను కొలవడానికి యేల్–బ్రౌన్ స్కేలు అనే పది అంశాల ప్రశ్నావళి ఉంది. మొత్తం 40 మార్కులు. ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే బాధ ఎక్కువన్నమాట. కొన్ని నెలల తర్వాత మళ్లీ అదే ప్రశ్నావళి పెట్టి ఎంత తగ్గిందో చూస్తారు. ఒక్కోసారి మొదటి రోజునే వ్యాధి పేరు చెప్పకపోవచ్చు. అది వైద్యుని అసమర్థత కాదు, జాగ్రత్త.

పిమ్మట వైద్యులు మా వైపు తిరిగి ఒక ప్రశ్న వేశారు. “మౌలానా గారూ, మీ శాస్త్రం ప్రకారం వుజూకు కనీసం ఎంత చేస్తే సరిపోతుంది?” ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్న పాఠమే ఆ ప్రైవేటు ఆసుపత్రి బల్ల మీద చెప్పాము. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఫర్జులు నాలుగు: ముఖం కడగడం, మోచేతులతో సహా చేతులు కడగడం, తలలో నాలుగో వంతు మసహ్ చేయడం, చీలమండలతో సహా పాదాలు కడగడం. ఒక్కొక్కసారి కడిగినా ఫర్జు నెరవేరుతుంది. మూడుసార్లు సున్నత్, అంతకు మించడం అయిష్టం. వైద్యులు దానిని తమ చీటీలోనే రాసుకున్నారు. చికిత్సలో ఒక మెట్టు అదేనన్నారు. కొలిచిన నీటితో ఒక్కసారే కడిగి, అనుమానం ఎంత తొలిచినా మళ్లీ కడగకుండా ఓర్చుకోవడం. ఓర్చుకుంటూ పోతే ఆ ఆందోళన దానంతటదే దిగిపోతుందని మనసు నేర్చుకుంటుంది. ఇంటివారికి అంతకన్నా కఠినమైన పని అప్పగించారు. “అమ్మీ, తడిసిందా?” అని అతడు అడిగితే “తడిసింది నాన్నా” అని జవాబు చెప్పకూడదు. ఆ భరోసాయే వ్యాధికి మేత అట. మమ్మల్ని కూడా మస్అలా ఒక్కసారే చెప్పి, మళ్లీ అడిగితే మౌనంగా ఉండమన్నారు. ముఫ్తీకి మౌనం ఫత్వా కన్నా కష్టమని అప్పుడు తెలిసింది.

మనకు ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. హిజ్రీ మూడు, నాలుగు శతాబ్దాలలో జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ, క్రీ.శ. 934లో మరణించినవారు, శరీరానికి, మనసుకు వేరువేరుగా వైద్యం చెబుతూ ఒక గ్రంథం రాశారు. అందులో వదలని దురాలోచనల గురించి ప్రత్యేకంగా చర్చించారు. మన మద్రసాలలో ఆ పుస్తకం పాఠ్యాంశంగా లేకపోవడం మాకు లోటుగానే తోస్తుంది.

మందుల సంగతి. ఈ వ్యాధికి సాధారణంగా ఫ్లూఆక్సెటిన్, సెర్‌ట్రలిన్, ఫ్లువోక్సమిన్ వంటివి రాస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు, వ్యసనంగా మారేవీ కావు. మొదటి వారాలలో కడుపులో తిప్పడం, నిద్ర చెదరడం ఉండవచ్చు. చిన్న వయసువారిలో అశాంతి గాని, చావు ఆలోచనలు గాని పెరిగినట్లు కనిపిస్తే వెంటనే వైద్యునికి తెలపాలి. గుణం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. మనవారు పదిహేను రోజులకే “పని చేయలేదు” అని మానేస్తారు. కొందరు తగ్గిందనుకుని ఒక్కసారిగా ఆపేస్తారు. రెండూ నష్టమే. లేవబోయే ముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి: మీరు ఏ వ్యాధి అనుకుంటున్నారు, ఈ మందు దేనికి, ఎన్నాళ్లు వాడాలి, మాటల చికిత్స ఎవరు చేస్తారు.

అన్ని చోట్లా ఇంత ఓపిక దొరుకుతుందని చెప్పలేము. మరొక విద్యార్థితో వేరొక చోటికి వెళ్లినప్పుడు అయిదు నిమిషాలలో అయిదు మందులు రాసి పంపేశారు. ప్రశ్న అడిగితే విసుక్కున్నారు. అటువంటప్పుడు మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు. ఒక చేదు అనుభవంతో మొత్తం వైద్యాన్నే వదిలేయడం తగదు.

ఆ తండ్రి భయానికి చట్టంలో కొంత జవాబు ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలంటుంది. ఒక మతానికి చెందినవాడన్న కారణంతో ఎవరినీ మనోరోగిగా నిర్ణయించరాదంటుంది. శరీర వ్యాధులకు ఇచ్చినట్లే మనోవ్యాధులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలంటుంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధిస్తుంది. ఈ చివరి మాట చదివినప్పుడల్లా మాకు తమిళనాడులోని ఏర్వాడి గుర్తుకొస్తుంది. అక్కడి దర్గా సమీపంలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో బంధించి ఉన్నందున పారిపోలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. స్వస్థత కోసం కుటుంబాలు అక్కడ విడిచి వెళ్లినవారే వారంతా. ఆసుపత్రి పేరు చెబితే జంకేవారు గొలుసు వేసే చోటికి మాత్రం జంకకుండా వెళ్లడం మాకు ఎన్నటికీ అర్థం కాదు.

రమజాన్ గురించి చాలామంది అడుగుతారు. రోజుకు ఒకసారి వేసుకునే మాత్రను సహరీకో ఇఫ్తార్‌కో మార్చవచ్చునేమో వైద్యులనే అడగాలి, సొంతంగా మార్చకూడదు. లిథియం వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. వైద్యులు వద్దంటే రోగికి షరీఅత్ ఇచ్చిన సడలింపు ఉన్నదే.

పెడన అబ్బాయికి అయిదు నెలలు గడిచాయి. యేల్–బ్రౌన్ స్కేలులో 31 ఉన్నది 17కు దిగింది. వుజూకు ఇప్పుడు పది నిమిషాలు పడుతోంది. కొన్ని రోజులలో మళ్లీ ఇరవై అవుతుంది. చేతులు మానాయి. తల్లి మాత్రం జవాబు చెప్పకుండా ఉండలేక, అతడు అడిగే వేళకు వంటగదిలోకి వెళ్లి నిలబడుతున్నారట. వచ్చే నెల సందర్శనకు ఆమెను కూడా తీసుకురమ్మన్నారు.