కనుమనాడు అమ్మ అడిగిన మాట

ఈ సంక్రాంతికి మా యింట సంబరం రెట్టింపయింది. నంద్యాలలో మా అమ్మాయికి కొడుకు పుట్టాడు. మూడవ నెల వెళ్ళగానే, కనుమనాడు బిడ్డను ఆళ్లగడ్డకు, మా అమ్మ దగ్గరికి తీసుకుపోయాం. అహోబిల నరసింహస్వామి తన పెండ్లికి పిలవడానికి పారువేటకు బయలుదేరేది ఆ రోజే.

“దేవుడే నలభై దినాలు ఊరూరా తిరిగి పిలుస్తాడు. నీకు ఇంతదూరం రావడానికి పండుగ కావలసి వచ్చిందా, నాయనా?” అన్నది అమ్మ. తల వంచుకున్నాను.

తరువాత, “ఇప్పుడేం రాస్తున్నావు?” అని అడిగింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నవల సంగతి చెప్పాను. 1846 నాటి తిరుగుబాటు, కోయిలకుంట్ల ఖజానాపై దాడి, 1847 ఫిబ్రవరి 22న ఉరి. యుద్ధ ఘట్టాలు మూడు ప్రకరణాలు అప్పటికే పూర్తయినాయి.

“తల ఎన్నాళ్ళు వేలాడదీసినారు?”

“1877 దాకా. ముప్ఫయి యేళ్ళు.”

అమ్మ ఒళ్ళోని మునిమనుమణ్ణి చూసింది. “ఆ ముప్ఫయి యేళ్ళూ ఆ దారిన పోయే తల్లుల చంకలో బిడ్డలు, ‘అదేందమ్మా?’ అంటే ఏం చెప్పిందురు? అది రాయి.”

నా దగ్గర జవాబు లేదు. వ్రాసిన మూడు ప్రకరణాలూ కట్టగట్టి అటకెక్కించాను. నవల ఇక ఉరి జరిగిన మరునాటి ఉదయం మొదలవుతుంది.

అమ్మకు చూపు మందగించింది. ఉగాదికి మొదటి ప్రకరణం తీసుకువెళ్ళి నేనే చదివి వినిపించాలి. ఆమెకు ఎనభై దాటినాయి. ఈసారి గడువు పొడిగించమని అడగడానికి నాకు ధైర్యం లేదు.