ఎఱుగని చుట్టములకు జాబులు

ఇంటిపేరు కలిసినంతమాత్రమునఁ జుట్టఱికము సిద్ధింపదు. అయినను మా తాతగారి పినతండ్రి యొకఁడు చెఱకుతోఁటల పనికి నేటాలు పోయి తిరిగి రాలేదను మాట యింట నిలిచియుండుటచే, దక్షిణాఫ్రికాలోని యా ప్రాంతమున మా యింటిపేరు నిలుపుకొన్నవారికి జాబులు వ్రాయుచున్నాము.

1860 నవంబరు 16వ తేదీని 'ట్రూరో' యను నోడ చెన్నపట్టణమునుండి కూలీలతో డర్బను చేరెను. 1911 వఱకు భారతదేశమునుండి 1,50,000కుఁ బైగా జనులట్లు పోయిరి. ఓడపట్టికలలో వారి పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, గ్రామము వ్రాయఁబడియున్నవి.

మేము మొదట మా యూరును, మాకుఁ దెలిసిన తరములను జెప్పి, పిదపనే ప్రశ్నింతుము. కులము నడుగము. ఓడ యెక్కునపుడు దానిని మార్చి చెప్పినవారును గలరు; దానిఁ ద్రవ్వుట చుట్టఱికము గాదు, విచారణ. మీ యవ్వగారి పేరేమి, ఆమె పుట్టినయూ రేది యని యడుగుదుము. మన వంశవృక్షములలో నత్తవారింటికిఁ బోయిన యాఁడుబిడ్డతోనే కొమ్మ విఱిగిపోవుచున్నది గదా!

మూఁడు జాబులకు బదులు లేదు. నాలుగవదానికి నొక వృద్ధురాలు ఆంగ్లమున బదులు వ్రాసిరి. సంబంధము తేలలేదు. తమ యవ్వ పేరు నింతవఱ కెవ్వరు నడుగలేదనియు, మా జాబు చూచిన పిదప మనుమలచే దానిని వ్రాయించి దాఁచితిమనియు నామె తెలిపిరి. జ్ఞాతులు దొరకకున్నను, ఒక పేరు నిలిచినది. పాఠకులు ముందుగాఁ దమ యింటి యవ్వల నడిగి వ్రాసికొనుట మేలు.