క్లోమమందలి నీటితిత్తి

మా వైపు స్త్రీలు కడుపునొప్పిని రోగముగా నెంచరు. మార్కాపురమున పలకల పనికి పోవువారును, గిద్దలూరు చేలలో మిరపకాయలు కోయువారును, ఇంట వంట చేయువారును వామునీళ్లు త్రాగి, గాలి పట్టినదనుకొని, మరల పనిలో పడుదురు. మా పెద్ద తోడికోడలు రెండేండ్లు అట్లే గడపినది. తుదకు స్కానింగు తీయింపగా క్లోమము తోకయందు నిమ్మకాయంత తిత్తి కనబడెను. కాగితముపై సిస్టు అను మాట చూచిన పూట మా యింట పొయ్యిలో పిల్లి లేవలేదు. మగవారు వాకిట గుసగుసలాడిరి. ఎవరి కడుపులో నది యున్నదో యామెకు మాత్రము మూడునాళ్లు చెప్పలేదు. ఈ యాచారము నాకెన్నడును నచ్చదు.

క్లోమము జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు అడ్డముగా నుండు గ్రంథి. అన్నమును అరగించు రసమును, రక్తములోని చక్కెరను అదుపుచేయు ఇన్సులినును ఇదియే యిచ్చును. దీనిలో నేర్పడు తిత్తులన్నియు నొక జాతివి కావు. క్లోమము వాచిన పిమ్మట మిగులు తిత్తి కేన్సరు కాదు. తేనెపట్టువలె చిన్న చిన్న గదులతో, పలుచని నీటితో నుండునది పెద్దవయసు స్త్రీలలో నెక్కువ. అదియు దాదాపెన్నడును కేన్సరుగా మారదు. జిగట ద్రవముతో నిండునది వేరు. అందొక రకము ఇంచుమించు స్త్రీలకే, అందును నలువది యేబది యేండ్ల వారికే, తరచు తోకవైపున వచ్చును. కాలక్రమమున నది కేన్సరు కావచ్చును గనుక సాధారణముగా శస్త్రచికిత్స చెప్పుదురు. నాళములలో పుట్టు మరియొక జిగట రకము స్త్రీపురుషుల కిరువురకును కలదు.

పైనుండి తీయు చిత్రములో నివి యన్నియు నీటితిత్తులుగనే కనబడవచ్చును. పేగులలోని గాలి చూపునకు అడ్డుపడును. అందుకే 1980 ప్రాంతమున వైద్యులు ఎండోస్కోపీ గొట్టపు కొనకు అల్ట్రాసౌండు యంత్రమును అమర్చిరి. నోటిగుండా అది జీర్ణాశయములోనికి పోయినచో క్లోమము గోడ ఆవలనే యుండును. తిత్తి గోడ దళసరియా, లోన గడ్డ యేమైన మొలచినదా యని దగ్గరనుండి చూడవచ్చును. 1992లో డెన్మార్కు వైద్యుడు పీటర్ విల్మన్ మొదలగువారు ఆ గొట్టముగుండానే సన్నని సూదిని పంపి క్లోమమునుండి పరీక్షకు ముక్క తీయు విధానమును తెలిపిరి.

తిత్తిలోని ద్రవమును తీసి పరీక్షించుటలో మన వంటయింటి విద్య యొకటి కలదు. వైద్యుడు ఒక చుక్కను వ్రేళ్ల నడుమ నుంచి సాగదీయును. మనము బెల్లపు పాకము తీగె వచ్చినదో లేదో చూచునట్లే! తీగె సాగినచో జిగట జాతియని యనుమానము. ఆ ద్రవములో చక్కెర డెసిలీటరునకు 50 మిల్లీగ్రాములకు తక్కువైనను, సీఈఏ అను పదార్థము మిల్లీలీటరునకు 192 నానోగ్రాములకు మించినను ఆ యనుమానము బలపడును. అయితే సీఈఏ తిత్తి జాతిని సూచించునే గాని, కేన్సరైనదో లేదో చెప్పదు.

ఈ విద్యకై దూరదేశములకు పోనక్కరలేదు. జీర్ణకోశవ్యాధుల యెండోస్కోపీలో లోకప్రసిద్ధుడై, 2025లో పద్మవిభూషణ్ పొందిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు కర్నూలు వైద్యకళాశాలలో చదివినవారే. 1970 వరకు మా మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే గదా! వారు స్థాపించిన ఆసుపత్రి హైదరాబాదున నున్నది.

మా తోడికోడలిని దోర్నాల మీదుగా, నల్లమల దాటించి హైదరాబాదునకు తీసికొనిపోతిమి. అంతకుముందే నేనామెకు సంగతి యంతయు చెప్పితిని. "నా కడుపులోది నాకు చెప్పకుంటే ఎట్లా?" అని కొంతసేపు అలిగి, పిమ్మట వైద్యుని ముందు తానే కూర్చుండి, సూది యెందుకు, దానివలన కీడేమి యని యడిగినది. క్లోమము వాచుట, రక్తస్రావము, చీము పట్టుట యెప్పుడో కొందరికి కలుగునని ఆయన దాచక చెప్పెను. చుక్క తీగె సాగినది. శస్త్రచికిత్సలో తిత్తితో పాటు తోకను, ప్లీహమును తీసిరి, కేన్సరు కాలేదు.

చిన్న తిత్తి కలవారందరికిని సూది యక్కరలేదు. పెక్కుమందికి ఎమ్మారై తీయించుచు కనిపెట్టియున్న చాలును. పరీక్షకు పోవువారు వైద్యుడు చెప్పిన గంటలు ఉపవాసముండవలెను. రక్తము పలుచబడు మందులు వాడుచున్నచో ముందే చెప్పవలెను. పాత స్కానింగు ఫిలిములు పెట్టె యడుగున నున్నను వెదకి తీసికొనిపొండు. తిత్తి పెరిగినదా లేదా యని వైద్యుడు మొదట నడుగునది వానినే.