బఖా లెక్కలు

మా ఆపా కూతురి డిగ్రీ అయిపోయింది. మాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. ఇప్పుడు బయోస్టాటిస్టిక్స్‌లో పీజీ చేస్తానంటోంది. ఖాందాన్‌లో ఈ మాట విన్నవాళ్లంతా ‘బయో’ దగ్గరే ఆగిపోయారు. డాక్టర్ అవుతోందనుకుని ఫూఫూ దువా కూడా ఇచ్చేసింది. దుల్హే భాయ్‌కు మాత్రం ఒకటే ఫికర్. బ్యాంకు లోన్ అంటే సూద్, దాని జోలికి పోడు. మిగిలింది పిల్ల షాదీ కోసం ఉంచిన ప్లాట్. అది అమ్మి అమెరికా పంపాలా, వద్దా? ఇంట్లో పేపర్లో పనిచేసేవాణ్ణి నేనే కాబట్టి మష్వరా నా మీద పడింది. రెండు వారాలు యూనివర్సిటీల సిలబస్‌లు ముందేసుకుని కూర్చున్నాను.

నాది పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. రియాజీ అంటే నాకు ముసల్లస్, మురబ్బా. ఆ తర్వాత తెలుగు డిగ్రీ. స్టాటిస్టిక్స్ ఉర్దూలో షుమారియాత్, తెలుగులో సాంఖ్యక శాస్త్రం. ప్రాబబిలిటీ అక్కడ ఎహ్తెమాల్, ఇక్కడ సంభావ్యత. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టింది ఇలాంటి ఇల్మీ మాటల్ని ఉర్దూలోకి తేవడానికే. మరుసటి ఏడు ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. ఆ మాటలు నాకు ఇన్నేళ్లకు పనికొచ్చాయి, అదీ భాంజీ పక్కన కూర్చుని అర్థం చేసుకోవడానికి.

మొదట తెలిసిందేమంటే, ఈ చదువుకు బయాలజీ దాదాపు ఎవరూ అడగడం లేదు. అడిగేది కాల్‌క్యులస్, అదీ ఒక చలరాశితో కాదు, అనేక చలరాశులతో. దానితోపాటు మాత్రికల బీజగణితం, కాస్త ప్రోగ్రామింగ్. అమెరికాలో అయితే మార్కుల షీట్లు, ఉస్తాదుల సిఫారిష్ లెటర్లు, ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం, టోఫెల్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ. జీఆర్‌ఈ కొన్నిచోట్ల కావాలి, కొన్నిచోట్ల ఎత్తేశారు. అసలు ముష్కిల్ ఇంకోటి. మన మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, నాలుగేళ్లు కావాలంటాయి. కన్సల్టెన్సీ వాళ్లు ఈ మాట ఫీజు తీసుకున్నాక గానీ చెప్పరు.

లోపల చదివేది రెండేళ్లు. మొదటి ఏడు సంభావ్యత, దాని మీద నిలబడే ఇన్‌ఫరెన్స్. అంటే కొద్దిమందిని చూసి అందరి గురించి ఎంత భరోసాతో చెప్పగలమన్న ఇల్మ్. ఆ పాఠంలో క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అనే పేర్లు తప్పకుండా వస్తాయి. ఆ రావు మన సి.ఆర్. రావు గారే, వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో మాథ్స్ చదివినాయన. దీంతోపాటు రిగ్రెషన్, ఎపిడెమియాలజీ, ఆర్, శాస్ అనే సాఫ్ట్‌వేర్లు. రెండో ఏడు క్లినికల్ ట్రయల్స్, సర్వైవల్ అనాలిసిస్, ఒకే మనిషిని ఏళ్ల తరబడి కొలిచిన లెక్కలు. చివర థీసిస్ గానీ, నిజమైన పేషెంట్ల డేటా మీద ప్రాజెక్టు గానీ.

ట్రయల్స్ సంగతి ఆపాకు నేనే చెప్పాను. కొత్త మందు ఎవరికివ్వాలో డాక్టర్ ఎంచుకోకూడదు, ఖుర్రా తీయాలి, హజ్ కమిటీలో తీసినట్టే. లేకపోతే డాక్టర్ బతికేలా ఉన్నవాళ్లనే ఎంచుకుంటాడు, పేరు మందుకొస్తుంది. 1948లో బ్రిటన్‌లో టీబీకి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందని తేల్చింది ఇలాగే. ఆపాకు వెంటనే అర్థమైంది. హజ్‌కు మూడుసార్లు ఖుర్రాలో పేరు రాని మనిషి.

సర్వైవల్ దగ్గర మాత్రం నాకు నోరు పెగల్లేదు. సర్వైవల్‌కు ఉర్దూలో బఖా అనే మాట ఉంది. ఆరేళ్ల కింద ఆపాకు రొమ్ము కేన్సర్ వచ్చింది. డాక్టర్ ఐదేళ్ల లెక్క ఏదో శాతంలో చెప్తుంటే, అప్పుడు ఇంటర్ చదువుతున్న ఈ పిల్ల తలుపు దగ్గర నిలబడి, “ఎవరిలో ఇంత శాతం సార్? అమ్మీ వయసు వాళ్లలోనా, అందరిలోనా?” అని అడిగింది. మేమంతా ఏడుస్తున్నాం, ఇది లెక్క అడుగుతోంది. డాక్టర్ ఒక్క నిమిషం ఆగి, మంచి సవాల్ అన్నాడు, జవాబు మాత్రం చెప్పలేదు.

ఏడాదిన్నర తర్వాత ఖర్చు భరించలేక ఆపాను వేరే హాస్పిటల్‌కు మార్చాం. మొదటి హాస్పిటల్ రిజిస్టర్లో ఆమె ఏమైందో వాళ్లకు తెలియదు. అలాంటి పేషెంట్‌ను ఏం చేయాలన్నదే ఈ సబ్జెక్టులో మొదటి పాఠం. చనిపోయిందని రాయకూడదు, పేరు కొట్టేయకూడదు. ఏడాదిన్నర వరకు బతికే ఉందన్నంత మేరకు ఆమె గవాహీని లెక్కలోకి తీసుకోవాలి. దీన్ని సెన్సారింగ్ అంటారు. 1958లో కాప్లాన్, మేయర్ అనే ఇద్దరు ఇలాంటివాళ్లను కూడా కలుపుకుని బఖా గీత గీసే పద్ధతి చెప్పారు. భాంజీ కాగితం మీద మెట్లు మెట్లుగా దిగే గీత గీసి, మధ్యలో చిన్న అడ్డగీత పెట్టి, “యే అమ్మీ హై, మామూ” అంది. అమ్మీ వంటింట్లో చాయ్ వడకడుతోంది.

ఇక ప్లాట్ మాట. నా రాయ్ సాఫ్‌గా చెప్పాను: ఇప్పుడు అమ్మొద్దు. అక్కడ మాస్టర్స్‌కు వజీఫా అరుదు, పీహెచ్‌డీకైతే చాలాచోట్ల ఫీజు వాళ్లే కట్టి నెలనెలా ఖర్చులకు కూడా ఇస్తారు. ఇక్కడ రెండేళ్ల ఎమ్మెస్సీ చేస్తే మూడేళ్ల డిగ్రీ పేచీ కూడా చాలావరకు తీరుతుంది. వెల్లూరు సీఎంసీలో ఈ కోర్సు ఉంది. ముంబయి దేవ్‌నార్‌లో ఐఐపీఎస్ ఉంది, అక్కడ బయోస్టాటిస్టిక్స్‌తోపాటు డెమోగ్రఫీ. కుటుంబ ఆరోగ్య సర్వే, అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్, నడిపేది వాళ్లే. మన ఆడవాళ్ల రక్తహీనత గురించి, చదువు గురించి మేం పేపర్లో రాసే అంకెలు చాలావరకు అక్కడినుంచి వచ్చినవే. ఆ లెక్క కట్టే గదిలో మన పిల్ల ఒకతి ఉండాలని నాకు లాలచ్ ఉంది, దాచుకోను.

దుల్హే భాయ్ ముంబయి పేరు వినగానే హాస్టల్ గురించి అడిగాడు, ఫీజు గురించి కాదు. ఆపా మాత్రం, “పంపుదాం, వారం వారం ఫోన్ చేస్తుంది” అంది. భాంజీ రాత్రి ఇషా తర్వాత మాత్రికల పుస్తకం తీస్తోంది. ఎందుకు చదవాలన్న వ్యాసం ఎప్పటికైనా రాయాల్సిందే కదా, ముందు ఉర్దూలో రాయి, ఇంగ్లీషు తర్వాత చూద్దామన్నాను. మొదటి పేజీ ఇచ్చింది. అందులో అమ్మీ పేరు లేదు, డాక్టర్‌ను అడిగిన ఆ సవాల్ ఒక్కటే ఉంది.