మోనో సరస్సు జమాఖర్చులు

సముద్రానికి దారి దొరకని ఏరు చివరికి ఏమౌతుంది? గోదావరినీ కృష్ణనూ చూస్తూ పెరిగినవాళ్ళకు ఈ ప్రశ్నే తట్టదు. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండలకు తూర్పున, వానలు అందని ఎడారి నేలలో మోనో సరస్సును చూసిన నాటినుంచి నన్ను మాత్రం అది వదలలేదు. కొండల మీది మంచు కరిగి వాగులై వచ్చి అందులో కలుస్తుంది. బయటికి పోయే వాగు ఒక్కటీ లేదు. నీటికి ఆకాశమే దారి.

ఇటువంటి సరస్సుల పద్దు చాలా తేలిక. జమ: వాగులు, ఊటలు, కాస్త వాన. ఖర్చు: ఏటా మూడున్నర, నాలుగడుగుల మందాన లేచిపోయే ఆవిరి. రాబడి తగ్గితే సరస్సు కుంచించుకుపోతుంది. నీటిపరపు చిన్నదయ్యేకొద్దీ ఆవిరీ తగ్గుతుంది కనుక ఎక్కడో ఒకచోట రెండూ సరిపోయి నిలబడుతుంది. ఉప్పు చిక్కబడేకొద్దీ ఆవిరి కావడానికి నీరు కాస్త మొరాయిస్తుంది కూడా. ఇంతవరకూ బాగానే ఉంది. వాగులు మోసుకొచ్చిన ఉప్పుకు మాత్రం ఖర్చు పద్దు దాదాపు లేదు!

ఉప్పంటే మన వంటింటి ఉప్పే అనుకోకండి. రాళ్ళను కరిగించుకుంటూ వచ్చే నీటిలో కాల్షియమూ, కార్బొనేటూ ఉంటాయి. నీరు ఇంకేకొద్దీ ఈ రెండూ జతకట్టి సున్నపురాయిగా అడుగుకు దిగిపోతాయి. జతలన్నీ వెళ్ళిపోయాక ఎవరు మిగిలారన్నదే అసలు సంగతి. మొదట్లో కాల్షియం రవ్వంత ఎక్కువుంటే కార్బొనేటు హరించిపోతుంది. మృతసముద్రం ఆ కొసన ఉంది, కాల్షియం, మెగ్నీషియం క్లోరైడులతో చేదెక్కి. కార్బొనేటు రవ్వంత ఎక్కువైతే కాల్షియం అడుగంటి, సోడా పేరుకుంటూ పోతుంది. మోనో ఈ రెండో కోవది. వాగులో ఉన్నప్పుడు నాలుకకు తెలియనంత తేడా, వేల ఏళ్ళ తరువాత రెండు వేర్వేరు సరస్సులను చేస్తుంది. నాకు ఈ కథలో అన్నిటికంటే వింతగా తోచేది ఇదే.

మోనో నీటి పి.హెచ్. పది దాకా ఉంటుంది. వేళ్ళ మధ్య సబ్బునీరులా జారుతుంది. మన పల్లెల్లో చాకిరేవుకు చౌడుమన్ను తెచ్చుకునే రోజులు తెలిసినవారికి ఇది ఇట్టే బోధపడుతుంది. మార్క్ ట్వేన్ కూడా, ఈ నీటిలో ముంచితే మాసిన బట్టలు తెల్లబడతాయని రాశాడు. ఆ సరస్సు అడుగున కాల్షియం ఉన్న ఊటలు పుట్టినచోట, ఎదురొచ్చిన కార్బొనేటుతో కలిసి అక్కడికక్కడే సున్నపురాతి స్తంభాలు లేస్తాయి. అవి పెరిగేది నీటిలోనే. ఇవాళ ఒడ్డున నిలబడి అందరూ ఫొటోలు తీసుకుంటున్న స్తంభాలు నీరు దిగిపోతే బయటపడినవి.

నీరు దిగిపోయింది మా ఊరివల్లే. 1941లో లాస్ ఏంజిలిస్ నగరం, ఐదు ముఖ్యమైన వాగుల్లో నాలుగింటిని మళ్ళించి, మూడువందల మైళ్ళకు పైగా దక్షిణానికి తెచ్చుకుంది. 1982 నాటికి సరస్సు 45 అడుగులు కిందికి దిగింది. నీరు సగమైంది, లీటరుకు 50 గ్రాములున్న ఉప్పు దాదాపు వందకు చేరింది. 1979లో నెగిట్ ద్వీపానికి నేల బయటపడి, దానిమీదుగా కొయోటీలు నడిచివెళ్ళి అక్కడ గూళ్ళు పెట్టుకున్న గల్ పక్షులను చెదరగొట్టాయి. 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇటువంటి సరస్సులు ప్రజలందరి ఆస్తి అని, నీటి హక్కులను తిరిగి పరిశీలించవచ్చని తీర్పిచ్చింది. 1994లో రాష్ట్ర జలవనరుల బోర్డు 6392 అడుగుల మట్టాన్ని లక్ష్యంగా పెట్టింది. ముప్పై ఏళ్ళు గడిచినా ఆ మట్టం అందలేదు.

శ్రీశైలం 885 అడుగులకు ఎంత దూరంలో ఉందో పత్రికలో వెతుక్కునే అలవాటు నాకు ఇంకా పోలేదు. ఇప్పుడు దానికి ఇంకొకటి తోడైంది. బోర్డు ఉత్తర్వు ప్రకారం, ఏప్రిల్ 1న మోనో మట్టం 6380కి పైన, 6391కి లోపల ఉంటే నగరం ఆ ఏడు 16,000 ఎకరా-అడుగుల దాకా తీసుకోవచ్చు. 6377కు దిగువన ఉంటే చుక్క కూడా తీసుకోరాదు. పదహారు వేలంటే మన లెక్కలో 0.7 టి.ఎం.సి. శ్రీశైలం ముందు అది ఏ మూలకు? అంతపాటి నీటికోసం ఒక సరస్సును అన్నేళ్ళు ఆపాలా అని నాకనిపిస్తుంది. మా ఇంటి ముందరి పచ్చికకు నీళ్ళు పెట్టడం మానేశాను. పక్కింటివారి పచ్చిక మాత్రం నవనవలాడుతోంది.